చదివే కుర్చీ

లెక్క సరిచూడటానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బిల్లు చేత్తో పట్టుకుని పైకి చదవాలి. ఇంకొకరు రాసిన పద్దు చూస్తూ టిక్కు పెట్టాలి. చదివే మనిషి పద్దు వంక చూడకూడదు, టిక్కు పెట్టే మనిషి బిల్లు వంక చూడకూడదు. రెండూ ఒక్కరే చూస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుంది. తప్పు ఎదురుగా కూర్చుని కాళ్ళూపుతున్నా కనబడదు.

పెన్సిలమ్మ ఆఫీసు నిలబడింది ఈ పద్ధతి మీద. ఆమె కొంప మునిగింది కూడా దీనివల్లే.

ఆ పేరు ఇనుప కొట్టాయన పెట్టింది. ఆమె కొప్పులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు గుచ్చి ఉండేది. పువ్వు మరిచిపోయిన రోజులున్నాయి గాని పెన్సిలు మరిచిపోయిన రోజు లేదు. పెళ్ళికి వెళ్ళినా అది అక్కడే ఉండేది. ఎవరైనా నవ్వితే, "కత్తి వదిలిపెట్టి మంగలి ఎటైనా వెళ్తాడా?" అనేది.

అంతకు ముందు ఆమె ఒక ప్రింటింగ్ ప్రెస్సులో గుమాస్తా. భర్త ఆ ప్రెస్సులోనే ప్రూఫులు చదివేవాడు. అసలు కాగితం పట్టుకుని ఆయన గట్టిగా చదువుతుంటే, ఎదుటి మనిషి అచ్చు పడిన కాగితం దిద్దుకుంటూ పోయేవాడు. కామా ఉంటే "కామా" అనేవాడు, వాక్యం అయిపోతే "చుక్క" అనేవాడు. చావు కబురైనా సబ్బు ప్రకటనైనా ఆయన గొంతులో ఒకే తూకం. చదివే వరస తప్పకుండా దాని కింద ఒక ఇత్తడి పట్టీ పెట్టుకునేవాడు. జానెడు పొడవు, వేలెడు వెడల్పు. ఏళ్ళ తరబడి వేళ్ళు తగిలి తగిలి దాని అంచులు నున్నగా అరిగిపోయాయి.

ప్రెస్సు మూతపడింది. యంత్రాలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. మొగుడూ పెళ్ళాం ఒకే రోజు రోడ్డు మీద పడ్డారు. కొత్త ఉద్యోగం వెతుక్కునే వయసు దాటిపోయింది. పిల్లలు కలగలేదు. ఆ దిగులు ఇద్దరి మధ్యా ఎప్పుడో నలిగి నలిగి ఆరిపోయింది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని గోడలు చూసుకోవడం మొదలైన కొన్నాళ్ళకు ఆమె అంది:

"ఏమండీ, మీరు చదవండి, నేను టిక్కు పెడతాను. మనకొచ్చిన పని అదే కదా."

"ఏం చదవాలి?"

"కొట్ల వాళ్ళ బిల్లులు. వాళ్ళ లెక్కలు మనం రాద్దాం."

"అందులో కథా కాకరకాయా ఏమీ ఉండవే."

"ప్రెస్సులో అన్ని కథలు చదివారు కదా. ఒక్కటి చెప్పండి చూద్దాం."

ఆయన కాసేపు ఆలోచించి నవ్వేశాడు. "ఒక్కటీ గుర్తు లేదు. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటంతోనే సరిపోయింది."

పరుపుల కొట్టు పైన ఒక గది దొరికింది. కింద దూది ఏకుతుంటే ఆ నలుసు మెట్లెక్కి వచ్చి బల్ల మీద వాలేది. కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ. ఆ గోడకూ కిటికీకీ మధ్య సందులోంచి కాస్త వెలుతురు పడేది. ఆ వెలుతురులో ఆయన కుర్చీ వేశారు. ప్రెస్సు సామాను అమ్మినప్పుడు ఎవరూ కొనకపోతే తెచ్చుకున్న కుర్చీ. వీపు ఎత్తు, చేతులు వెడల్పు. దాన్ని "చదివే కుర్చీ" అనేవాళ్ళు. అందులో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆమెకు మామూలు స్టూలు. బల్లకు ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క.

కొట్టు తెరిచారు గాని ఈగ కూడా వాలలేదు. ఆమె కాళ్ళకు బలపం కట్టుకుని బజారంతా తిరిగింది. కొందరు కూర్చోమన్నారు, కొందరు అదీ అనలేదు. చివరికి ఇనుప కొట్టు మెట్లెక్కింది. మేకుల డబ్బాల మధ్య, చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నాడాయన.

"ఆడవాళ్ళకు ఇంటి లెక్కే తేలదంటారు. నా లెక్క నీకేం తేలుతుంది అమ్మాయ్?"

"మీ లెక్క మీకు తేలుతుంటే చెప్పండి బాబాయ్ గారూ, ఇట్టే వెళ్ళిపోతాను."

ఆయన బల్ల కింది నుంచి ఒక గోనె సంచి లాగాడు. నిండా నలిగిన బిల్లులు. సగానికి గ్రీజు మరకలు, కొన్నిటికి టీ మరకలు. "ఇది తేల్చు. తేలితే మళ్ళీ రా. తేలకపోతే సంచి తెచ్చివ్వు, పనికొచ్చే సంచి."

ఆమె లెక్క తేల్చి, దాని మీద సంచి మడిచి పెట్టి తెచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. రెండు చోట్ల వేలు పెట్టి అడిగాడు. ఆమె చెప్పింది. "సరేలే పెన్సిలమ్మా, ఇక నీ దగ్గరే ఉంచు," అన్నాడు. అలా పేరూ వచ్చింది, మొదటి బేరమూ వచ్చింది.

ఒకరిని చూసి ఒకరు, నెమ్మదిగా నలుగురు చేరారు. రంగుల కొట్టు, లాండ్రీ, సైకిళ్ళు బాగుచేసే అన్నదమ్ములు. నిలదొక్కుకుంటున్నాం అనుకునేసరికి డాబా మీద నీళ్ళ గొట్టం పగిలి ఫైళ్ళన్నీ తడిసిపోయాయి. గదికి ఈ మూల నుంచి ఆ మూలకు తాళ్ళు కట్టి బిల్లులు ఆరేశారు. ఆరినవాటికి ఆయన ఇస్త్రీ పెట్టె పెట్టేవాడు. సిరా అలికిపోయినవి వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, రాసినవాడి చెయ్యి ఎటు తిరిగిందో చూసి చదివేవాడు. లాండ్రీ అతను మెట్లెక్కి వచ్చి తాళ్ళ కింద వంగి, "మా వ్యాపారంలోకి వచ్చేశారేంటి?" అన్నాడు. నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు. అయినా నవ్వారు.

ఆ దెబ్బ నుంచి లేచేసరికి గోరుచుట్టు మీద రోకటిపోటులా మరిది తయారయ్యాడు. అతను మాటల మనిషి. చేసిన పనులన్నీ సగంలో వదిలేసి, వదిలేసిన ప్రతి పని గురించీ సంపూర్ణంగా మాట్లాడగలడు. వదిన దగ్గర కొన్నాళ్ళు పనిచేశాడు. ఒక కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వదినా, ఈ చదవడాలూ టిక్కులూ పాత చింతకాయ పచ్చడి. మీట నొక్కితే లెక్క అదే తేలుతుంది."

"నొక్కే వేలు తప్పు నొక్కితే?"

"అదే చెప్తుంది తప్పని."

"నువ్వు చిన్నప్పటి నుంచీ తప్పే చేస్తున్నావు, నీకెవరు చెప్పారు?" అన్నాడు అన్నగారు, కుర్చీలోంచి లేవకుండానే.

మరిది పెద్ద రోడ్డు మీద గాజు తలుపు పెట్టి సొంత ఆఫీసు తెరిచాడు. పోతూ పోతూ బేరాలన్నీ పట్టుకుపోయాడు. ఇనుప కొట్టాయన ఒక్కడే కదల్లేదు. "వాడి దగ్గర కుర్చీ తిరుగుతుంది. కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నేను రాను," అన్నాడు.

ఒక్క బేరంతో ఆ గది అద్దె కట్టడం ఎలాగో తెలియాలంటే ఒక్క బేరంతో అద్దె కట్టి చూడాలి. ఆమె మధ్యాహ్నాలు పరుపుల కొట్టులో గలేబులు కుట్టింది. ఆయన బడి పిల్లల పుస్తకాలకు అట్టలు వేశాడు. సాయంత్రం అయ్యేసరికి మాత్రం ఆయన చదివే కుర్చీలోనూ ఆమె స్టూలు మీదా ఉండేవారు. చదవడానికేమీ లేని రోజు పాత బిల్లులే చదివేవాడు. "గొంతు తుప్పు పడుతుంది," అనేవాడు.

గాజు తలుపు ఆఫీసు లెక్కలకు పన్నుల ఆఫీసు నుంచి జరిమానాలు రావడం మొదలైంది. వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి తిరిగొచ్చారు. అందరికంటే చివర మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అన్న అతని వంక చూసి, "చెప్పులు విప్పి లోపలికి రా, దూది అంటుకుంటుంది," అన్నాడు. ఆమె అతనికి బయటి పనులు అప్పజెప్పింది. ఆఫీసుల కిటికీల దగ్గర నిలబడటం, గుమాస్తాలతో మాట్లాడటం. నోరున్నవాడికి నోటి పని.

ఆ తర్వాత దశ తిరిగిందనే అనాలి. పక్క గది కూడా తీసుకున్నారు. కింద బోర్డు పెట్టారు. ఆమె కంప్యూటరు కూడా తనంతట తానే నేర్చుకుంది. మరిది వదిలి వెళ్ళిన దాన్నే విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి మరీ నేర్చుకుంది. పద్దులు అందులో ఎక్కించి కాగితం మీద అచ్చు తీసేది. ఆ కాగితం ముందు పెట్టుకుని ఎర్ర పెన్సిలు కొప్పులోంచి తీసేది. ఎదురుగా ఆయన ఇత్తడి పట్టీ బిల్లు మీద పెట్టి మొదలుపెట్టేవాడు. మేకులు, ఇంత. బందులు, ఇంత. తలుపు గొళ్ళాలు, ఇంత. చదవకుండా ఏ లెక్కా గడప దాటేది కాదు. పెన్సిలమ్మ దగ్గర తేలిన లెక్క మళ్ళీ చూసుకోనక్కర్లేదని బజారులో పేరొచ్చింది.

ఇక్కడ వాళ్ళ పద్ధతిలో ఒక సంగతి చెప్పాలి. చదివిన అంకె ఒకటి, పద్దులో అంకె ఇంకొకటి అయితే ఎవరిది ఖాయం? మొదట్లో ఆమె ఆపి, బిల్లు అడిగి చూసేది. చూసిన ప్రతిసారీ ఆయన చదివిందే నిజం, ఆమె ఎక్కించిందే తప్పు. ఏళ్ళు గడిచేసరికి చూడటం మానేసింది. తన అంకె కొట్టేసి, విన్న అంకె ఎర్రగా రాసి ముందుకు పోయేది. కాగితం ఆయన చేతిలో ఉంది, ఆయన గొంతే కాగితం. ప్రపంచంలో ఇంకే ఆఫీసులోనూ ఆ నమ్మకం ఉండి ఉండదు. అలాంటి తప్పు కూడా ఇంకే ఆఫీసులోనూ జరిగి ఉండదు.

ఒకరోజు పొద్దున్నే ఇనుప కొట్టాయన మెట్లెక్కి వచ్చాడు. మోకాళ్ళ నొప్పులాయనకు, ఎప్పుడూ మనిషిని పంపేవాడు. తనే వచ్చాడంటేనే ఆమె లేచి నిలబడింది. ఆయన ఆయాసం తీర్చుకుని పన్నుల ఆఫీసు కాగితం బల్ల మీద పెట్టాడు.

"నీ లెక్కకూ నా బిల్లులకూ పొంతన లేదంటున్నారమ్మా. వాళ్ళు పొరబడ్డారేమో చూడు."

ఆయన వెళ్ళాక ఆమె ఆ ఏడాది బిల్లులూ, ఎర్రగా దిద్దిన అచ్చు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. రెండూ ఒక్కరే చూడకూడదన్న నియమం ఎన్నో ఏళ్ళకు తప్పింది. మేకుల బిల్లు చూసింది. తను ముందు ఎక్కించిన అంకె సరిగ్గానే ఉంది. దాన్ని కొట్టేసి పక్కన రాసిన ఎర్ర అంకె తప్పు. ఇంకోటి చూసింది. అదీ అంతే. రంగుల కొట్టు ఫైలు తీసింది, లాండ్రీ ఫైలు తీసింది. కొన్ని నెలలుగా దిద్దిన చోటల్లా ఒప్పును కొట్టేసి తప్పు రాసి ఉంది. దిద్దిన చెయ్యి తనదే.

మరి ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? గొంతు ఎక్కడా తడబడలేదే. అనుమానం వచ్చి పోయినేటి ఫైలు దింపింది. అదే కొట్టు, అదే నెల, అదే సరుకు, అక్కడున్నాయి అంకెలు. ఈ ఏటి బిల్లు చేతిలో పెట్టుకుని, వరస కింద ఇత్తడి పట్టీ పెట్టుకుని, భర్త పోయినేటి బిల్లు చదువుతున్నాడు.

"ఏమండీ, ఇదొకటి చదవండి," అంది, ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాక. చదవడం మొదలుపెట్టగానే లేచి ఆయన వెనక్కు వెళ్ళి నిలబడింది. అన్నేళ్ళలో ఆ కుర్చీ వెనక నిలబడటం అదే మొదలు.

"తలుపు గొళ్ళాలు," అని చదివాడు ఆయన. "నాలుగు వేల మూడు వందల అరవై."

కాగితం మీద అయిదు వేల పైన ఉంది. ఇత్తడి పట్టీ సరిగ్గా ఆ అంకె కిందే ఉంది. గొంతు ఎప్పటిలాగే ఉంది.

"వెనక నిలబడ్డావేం?" అన్నాడు తల తిప్పకుండా. "పద్ధతి కాదు. వెళ్ళి నీ చోట కూర్చో."

ఆమె వెళ్ళి తన చోట కూర్చుంది. పెన్సిలు చేతిలో ఉంది గాని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

డాక్టరు చాలా ప్రశ్నలు అడిగాడు. ఆయన ప్రెస్సు యజమాని టోపీ రంగు చెప్పాడు, ఆ పొద్దున ఏం తిన్నాడో చెప్పలేకపోయాడు. బయటికి వచ్చాక డాక్టరు ఆమెతో అన్నాడు: "పాతవి కొన్నాళ్ళు ఉంటాయమ్మా. కొత్తవి నిలవవు. తర్వాత పాతవీ పోతాయి."

"మందులు?"

"ఇస్తాను," అన్నాడు డాక్టరు. ఆ మాట అన్న తీరులోనే తెలిసిపోయింది.

మరిది ఆ రోజే సలహా తెచ్చాడు. "కంప్యూటరు పాడైందందాం వదినా. అదేం ఎదురు చెప్పదుగా."

"నేను కొట్టేసి నేను రాశాను. కంప్యూటరు ఏం చేసింది?"

"అన్నయ్య చదివాడు కాబట్టి కదా నువ్వు రాశావు."

"ఆ మాట బయట ఎక్కడైనా అన్నావంటే ఈ గడప తొక్కకు."

ప్రతి కొట్టుకూ తనే వెళ్ళి చెప్పింది. తప్పు మాదే, నా చెయ్యిదే, మళ్ళీ మొదటి నుంచి సరిచూసి ఇస్తాను, జరిమానా నేను కడతాను. రంగుల కొట్టతను ఫైలు వెనక్కు తీసుకున్నాడు. సైకిళ్ళ అన్నదమ్ముల్లో పెద్దవాడు ఉంటానన్నాడు, చిన్నవాడు వద్దన్నాడు, చిన్నవాడి మాటే నెగ్గింది. వెళ్ళినవాళ్ళను ఆమె తప్పు పట్టలేదు. తనైనా అంతే చేసేది.

ఏడాది లెక్కలన్నీ తిరగచూడాలంటే చదివే మనిషి కావాలి. మరిదిని కూర్చోబెట్టింది. ఆఫీసులో అయితే అన్న చూస్తాడని, ఇనుప కొట్టు గోదాములో ఊచల కట్టల మధ్య రెండు డబ్బాలు వేసుకుని కూర్చున్నారు. మరిది చదువు సంతలో బేరంలా ఉండేది.

"గొళ్ళాలు, అయిదు వేల నూట... అబ్బో, ఈయన గొళ్ళాలకే ఇంత తగలేశాడా వదినా? వీధి వీధంతా తలుపులు వేయించాడా ఏంటి?"

"అంకె చదువు."

"చదువుతున్నా. నూట ఇరవై. కాదు, ఆగాగు, ఇది సున్నా అంటావా, ఆరంటావా?"

ఆమె చెయ్యి అతని వెనక పరిగెత్తలేకపోయేది. లేదంటే అతని కోసం గాలిలో ఆగిపోయేది. భర్త చదువుతుంటే చెయ్యి ఎప్పుడు లేచేదో, ఎప్పుడు దిగేదో ఆమెకు తెలిసేదే కాదు. తన చెయ్యే అంత చురుకైనదని ఇన్నాళ్ళూ అనుకుంది.

అంతా అయ్యాక ఇనుప కొట్టాయన గోదాములోకి వచ్చాడు. కొత్త లెక్క చూశాడు. మరిదిని టీ చెప్పి రమ్మని పంపేశాడు.

"నేను నీ దగ్గరే ఉంటానమ్మా. పోయినవాళ్ళకు కూడా చెప్తాను, నా మాట వింటారు. ఒక్కటే. ఇక ఆ కుర్చీలో మీ ఆయన కూర్చోకూడదు."

"కూర్చుంటారంతే బాబాయ్ గారూ. ఆయన చదివింది నేను రాయను. పాత ఫైళ్ళు ఇస్తాను. అవి చదువుకుంటారు."

"ఆయన చదువుతుంటే నీ చెయ్యి ఊరుకోదు. నాకు తెలుసు, నీకూ తెలుసు."

"ఆయనకు మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే," అంది ఆమె.

"నాకు మిగిలింది ఈ కొట్టు ఒక్కటే," అన్నాడాయన. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమెకు బదులు చెప్పడం తేలికయ్యేది.

ఆ సాయంత్రం భర్త బిల్లుల కోసం చెయ్యి చాపితే ఆమె ఇవ్వలేదు.

"ఇవాళ్టి నుంచి చదవక్కర్లేదండీ. కొత్త కంప్యూటరు వస్తోంది. బిల్లు చూపిస్తే అదే సరిచూసుకుంటుందట. అన్ని ఆఫీసుల్లోనూ అంతేనట."

ఆయన ఇత్తడి పట్టీని బొటనవేలితో రుద్దుతూ విన్నాడు.

"లేనిది చదివేటప్పుడు నీ గొంతు చివర్లో పైకి లేస్తుంది," అన్నాడు.

ఆమె బిల్లుల కట్ట అంచులు సర్దింది.

"తప్పులు చదువుతున్నానా?"

"ఒకటి రెండు," అంది. గొంతు మళ్ళీ పైకి లేచింది. అది ఆమెకే వినబడింది.

"ప్రెస్సులో అయితే తప్పు చదివినవాణ్ణి ఆ పూటే పంపేసేవారు," అన్నాడు ఆయన. పట్టీని బల్ల మీద, పెన్సిలు పక్కన పెట్టి లేచాడు. మెట్లు దిగుతుంటే పరుపుల కొట్టు వాళ్ళు ఏదో పలకరించారు. ఏం బదులు చెప్పాడో పైకి వినబడలేదు.

ఇనుప కొట్టాయన మాట నిలబెట్టుకున్నాడు. పోయినవాళ్ళు తిరిగొచ్చారు. తప్పు తనంతట తాను వచ్చి ఒప్పుకున్న లెక్కల మనిషి ఒకామె ఉందట అని కొత్తవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. మూడో గది తీసుకున్నారు. పొట్టి కాలు బల్ల పోయి కొత్త బల్ల వచ్చింది. మరిది టీ కొట్టు దగ్గర నిలబడి, "మా వదిన" అని మొదలుపెడితే వినేవాళ్ళ టీ చల్లారిపోయేది. చదివే కుర్చీలో కొన్నాళ్ళు ఎవరినీ కూర్చోనివ్వలేదు. తర్వాత దాని మీద ఫైళ్ళు పెట్టారు. ఆ తర్వాత వచ్చిపోయేవాళ్ళు ఎక్కువై, నిలబెడితే బాగుండదని ఫైళ్ళు తీసి వాళ్ళను కూర్చోబెట్టారు. బజారులో అందరూ ఆమె గట్టెక్కిందనే అన్నారు. ఆమె కాదనలేదు.

చదివే మనిషి లేని లోటుకు ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. పొద్దున బిల్లులు పట్టుకుని తనే పైకి చదివి ఫోనులో రికార్డు చేసేది. ఇత్తడి పట్టీ వరస కింద పెట్టుకునే చదివేది. బిల్లులు బీరువాలో పెట్టి తాళం వేసి, మధ్యాహ్నం ఆ గొంతు వింటూ పద్దుకు టిక్కు పెట్టేది. చదివే మనిషీ టిక్కు పెట్టే మనిషీ ఒక్కరే అయినా ఒకే పూట కాదు కదా. పద్ధతి చెడలేదు. తేడా వస్తే మాత్రం ఇప్పుడు తాళం తీసి బిల్లు చూసేది. ఎవరి గొంతునూ, తన గొంతును కూడా, మళ్ళీ ఆమె నమ్మలేదు.

తర్వాత మధ్యాహ్నాలు పని ఇంటికే తెచ్చుకునేది, బీరువాకు బదులు బిల్లులు సంచీలో పెట్టి మూతి కట్టి. ఆయన్ను రోజంతా ఒంటరిగా వదిలే రోజులు పోయాయి. మొదట్లో ఆయన ఇంట్లో కనబడిందల్లా చదివేవాడు. మందు డబ్బా, క్యాలెండరు, సబ్బు కాగితం. కామాలూ చుక్కలూ విడవకుండా చదివేవాడు. పోను పోను అదీ తగ్గింది. ఆమె పేరు పెట్టి పిలవడం ఎప్పుడూ లేదు, "ఇదిగో" అనేవాడు. ఆ "ఇదిగో" ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు. ఆగిపోయాక తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆమె కాగితాలు పరుచుకుని ఫోను పెట్టింది. ఫోనులో ఆమె గొంతు చదువుతోంది. మేకులు, ఇంత. బందులు, ఇంత. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కాసేపటికి తల ఇటు తిప్పాడు.

"ఈ చదివేదెవరండీ?"

ఆమె పెన్సిలు ఆగింది. "ఎందుకండీ?"

"గొంతు ఫరవాలేదు. తొందరెక్కువ. అంకెకూ అంకెకూ మధ్య ఆగట్లేదు. అవతల టిక్కు పెట్టే మనిషి చెయ్యి లేవాలి, దిగాలి. ఆ మనిషి ఉందన్న ధ్యాసే లేదీవిడకు."

"కొత్త మనిషండీ," అంది. "నేర్చుకుంటోంది."

"నేర్పాలి," అన్నాడు. తర్వాత చొక్కా సర్దుకుని, బల్ల వైపు కాస్త వంగి, పరాయి చోట పని అడిగే మనిషిలా గొంతు తగ్గించాడు. "మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాటమ్మా. మీ ఆఫీసులో చదివేవాడు కావాలేమో అడిగి చూస్తారా? నాకు అలవాటుంది. ప్రెస్సులో చదివాను. తర్వాత మా ఆవిడా నేనూ కలిసి చేశాం. నేను చదివేవాణ్ణి, తను టిక్కు పెట్టేది."

ఫోను తన పాటికి తాను చదువుకుంటూ పోతోంది. ఆమె దాన్ని ఆపింది.

"ఇప్పుడు ఖాళీ లేదండీ," అంది. ఈసారి గొంతు పైకి లేవలేదు.

ఆయన అర్థమైనట్టు తలూపాడు. "ఉన్నప్పుడే చెప్పండి. తొందరేం లేదు," అని మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ఆమె ఆ రికార్డు తీసేసింది. సంచీలోంచి బిల్లులు తీసి, ఇత్తడి పట్టీ మొదటి వరస కింద పెట్టి, మళ్ళీ చదవడం మొదలుపెట్టింది, అంకెకూ అంకెకూ మధ్య ఒక చెయ్యి లేచి దిగేంతసేపు ఆగుతూ.